అవకాడో: చలికి బతికితే సరిపోదు, పూత నిలవాలి

అందరికీ నమస్కారం. చల్లటి ప్రాంతాల్లో అవకాడో పెంచడం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఈ విషయం ఎత్తితే చాలు, ముందుగా వచ్చే ప్రశ్న ఒక్కటే: "ఈ రకం ఎన్ని డిగ్రీల దాకా ఆగుతుందండీ?" నర్సరీవాళ్లు కూడా మొక్కకు కట్టిన చీటీ మీద ఆ అంకెనే పెద్దగా వేస్తారు. ఆ అంకె అబద్ధమని నేననను. కాకపోతే అది ముదురు చెట్టుకు చెప్పిన లెక్క, మీరు కొనేది లేత మొక్క. పైగా అది చెట్టు ప్రాణం గురించి చెబుతుందే తప్ప కాయ గురించి ఏమీ చెప్పదు. ఈ రెండో సంగతి దగ్గరే చాలామంది బోల్తా పడతారు.

ముందు వంశం తేల్చుకుందాం. అవకాడోలో ప్రధానంగా మూడు తెగలున్నాయి. వెస్టిండియన్ తెగ ఉష్ణమండలపు పల్లపు నేలలది, మైనస్ 1, 2 డిగ్రీలకే ఆకులు మాడిపోతాయి. గ్వాటెమాలా తెగ మైనస్ 3, 4 దాకా ఓర్చుకుంటుంది. మెక్సికో ఎత్తైన కొండల తెగలో ముదిరిన చెట్లు మైనస్ 6, 7 డిగ్రీలను కూడా తట్టుకుంటాయి. దుకాణాల్లో దొరికే గరుకు తొక్క హాస్ రకం అచ్చమైన మెక్సికన్ కాదు, అందులో గ్వాటెమాలా రక్తం కూడా కలిసింది. దాని గింజ నాటి చలికి ఆగుతుందని ఆశ పెట్టుకోవడం అనవసరం. అసలు అవకాడో గింజ నుంచి తల్లి గుణం వస్తుందన్న నమ్మకమే లేదు. గింజ మొక్క కాపుకొచ్చేసరికి ఏడెనిమిదేళ్లు పట్టొచ్చు, ఇంకా ఎక్కువే పట్టొచ్చు. అంటు మొక్క అయితే మూడు నాలుగేళ్లలో కాయ చూపిస్తుంది.

మొక్క కొనేటప్పుడు ఒక చిన్న పని చేయండి. ముదిరిన ఆకు ఒకటి తుంచి వేళ్ల మధ్య బాగా నలిపి వాసన చూడండి. మెక్సికన్ తెగ అయితే సోంపు వాసన గుప్పుమంటుంది. చీటీ మీద మెక్సికన్ అని రాసి ఉండి ఆకులో ఆ వాసన జాడే లేకపోతే ఇంకో నాలుగు ప్రశ్నలు అడిగాకే డబ్బు తీయండి. 1910 ప్రాంతంలో కాలిఫోర్నియాలోని పాసడీనాలో మొలిచిన మెక్సికోలా, టెక్సాస్‌లోని ఉవాల్డే వైపు నుంచి వచ్చిన జోయీ లాంటివి ఈ కోవలోవే. కాయ చిన్నది, తొక్క పల్చన, పండితే నల్లబడుతుంది. పెట్టెల్లో సర్దితే నలిగిపోతుంది కాబట్టి వ్యాపారులు పట్టించుకోరు. ఇంటి పెరటికి మాత్రం ఇంతకంటే మంచి రకం లేదని నా అభిప్రాయం.

ఇక అసలు విషయం. ఫుయెర్టే అనే రకం ఉంది. 1911లో మెక్సికోలోని అట్లిస్కో నుంచి దాని పుల్లలు కాలిఫోర్నియాకు తెచ్చి అంటు కట్టారు. 1913 జనవరిలో అక్కడ విపరీతమైన చలి పడింది. చాలా రకాలు దెబ్బతిన్నా ఇది నిలబడింది. ఆ పేరుతోనే ఎన్నో దశాబ్దాలు తోటలను ఏలింది. ఇంత గట్టి చెట్టు కాపు విషయంలో మాత్రం మహా మొండిది. పూత సమయంలో వాతావరణం చల్లబడితే కాయలు నిలవవు. నిలిచినా గింజ లేని, వేలెడంత సన్నటి దోసపిందెల్లాంటివి వేలాడతాయి. తినడానికి బాగానే ఉంటాయి, కానీ వాటిని కాపు అనలేం.

ఎందుకిలా? అవకాడో పువ్వు రెండుసార్లు విచ్చుకుంటుంది. మొదటిసారి ఆడపువ్వుగా విచ్చుకుని ముడుచుకుంటుంది. మర్నాడు మగపువ్వుగా మళ్లీ తెరుచుకుని పుప్పొడి రాలుస్తుంది. 'ఎ' రకాల్లో ఆడ విచ్చు పొద్దుట, మగ విచ్చు మర్నాటి మధ్యాహ్నం. 'బి' రకాల్లో ఆడది మధ్యాహ్నం, మగది మర్నాటి పొద్దుట. హాస్, మెక్సికోలా 'ఎ'. ఫుయెర్టే, బేకన్, జుటానో 'బి'. అందుకే రెండూ పక్కపక్కన ఉంటే మేలు. పగలు 20 డిగ్రీలు దాటి, రాత్రి మరీ చల్లబడకుండా ఉంటే ఈ గడియారం సవ్యంగా తిరుగుతుంది. చలి ఎక్కువైతే వేళలు జరిగిపోతాయి. పొద్దున విచ్చుకోవాల్సిన ఆడపువ్వు సాయంత్రానికి, ఒక్కోసారి రాత్రికి పోతుంది. ఆ వేళకు తేనెటీగ గూడు దాటదు. ఒకవేళ పుప్పొడి అంటినా అండం దాకా చేరడం నత్తనడకే. మామూలు రోజుల్లోనే వెయ్యి పూలకు ఒకటో రెండో కాయలవుతాయి, చలిలో ఇక చెప్పేదేముంది!

ఇందులో ఇంకో చిక్కు కూడా ఉంది. చలికి బాగా ఆగే మెక్సికన్ తెగే అన్నిటికంటే ముందు పూస్తుంది, చలికాలం ఇంకా ముగియకుండానే. మైనస్ 6 తట్టుకునే కొమ్మ మీది పూత మైనస్ 1, 2కే మాడిపోతుంది. అందుకే చల్లటి చోట అవకాడో పెట్టేవాళ్లు తమ దగ్గర నడిచలికాలపు రాత్రి ఎంత చల్లనో చూసుకుంటే సరిపోదు. పూత నెలలో పగలు ఎంత వెచ్చనో కూడా చూసుకోవాలి. నన్నడిగితే ముందు చూడాల్సింది అదే.

చోటు ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. రోజంతా ఎండ తగిలే రాతి గోడ లేదా ఇటుక గోడ పక్కన నాటండి. గోడ పగలు తాగిన వేడిని రాత్రి వదులుతుంది, పూతకూ ఆ వెచ్చదనమే ఆసరా. గుంట లాంటి చోటు వద్దు. చల్లగాలి బరువైనది, నీరులాగే పల్లానికి పారి అక్కడే నిలుస్తుంది. రెండు చెట్లకు చోటు లేకపోతే ఒకే చెట్టు మీద 'ఎ', 'బి' రెండూ అంటు కట్టించుకోవచ్చు.

మట్టి గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. చలికి చచ్చిందనుకునే మొక్కల్లో చాలావరకు నిజానికి తడికి చస్తాయి. అవకాడో వేళ్లకు నూగు లేదు, మేత వేళ్లన్నీ పైపై అడుగు లోపే ఉంటాయి. చలికాలంలో చెట్టు నీరు తాగేది తక్కువ, పాదులో నీళ్లు నిలిస్తే వేళ్లకు గాలాడదు. నేల వెచ్చబడగానే ఫైటోఫ్తోరా అనే వేరుకుళ్లు అందుకుంటుంది. గొయ్యి తీసి నాటకండి. అడుగూ అడుగున్నర ఎత్తు మట్టిదిబ్బ పోసి దాని మీద నాటండి. నత్రజని ఎరువు వేసవి చివరికి ఆపేయండి. లేకపోతే చలి మొదలయ్యే వేళకు లేత చిగుళ్లు వేసుకుని మొదటి దెబ్బకే నల్లబడుతుంది.

గడ్డకట్టే రాత్రి ఏం చేయాలి? మైనస్ 4 డిగ్రీలు అరగంట ఉండటానికీ ఎనిమిది గంటలు ఉండటానికీ పోలికే లేదు. మొదటి రెండు మూడేళ్లు మొక్కను కప్పాల్సిందే. కప్పేటప్పుడు గుడ్డను తలకు చుట్టి కాండానికి బిగించి కట్టేస్తుంటారు, అది పనికిరాదు. వెచ్చదనం వచ్చేది నేలలోంచి. గుడ్డ అంచులు నేలను తాకేలా పరిచి చుట్టూ రాళ్లు పెట్టండి. ముందు రోజు నేల ఎండి ఉంటే మధ్యాహ్నం తడపండి, తడి మట్టి ఎండిన మట్టికంటే ఎక్కువ వేడి దాచుకుంటుంది. లోపల దీపం పెట్టేట్టయితే పాత ఫిలమెంట్ బల్బే పెట్టండి, గుడ్డకు తగలకుండా. ఎల్ఈడీతో వెలుగొస్తుంది కానీ చెప్పుకోదగ్గ వేడి రాదు. అన్నిటికంటే ముఖ్యం అంటు కట్టిన చోటు. ఆ పైదాకా పొడిమట్టి ఎగదోసి చలికాలం దాటాక తీసేయండి. పైనంతా మాడినా అంటు పైన జానెడు కాండం మిగిలితే మీ రకం మీకు దక్కుతుంది. అంటు కింద నుంచి లేచే చిగురు వేరుమొక్కది, దాని కాయ ఎలా ఉంటుందో ఎవరికెరుక?

దెబ్బ తగిలాక కత్తెర జోలికి వెళ్లకండి. ఆకులు గోధుమరంగుకు తిరిగి వేలాడుతుంటే చూడలేక వెంటనే కొమ్మలు కొట్టేస్తుంటారు. గోటితో బెరడు కాస్త గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టు, గోధుమరంగైతే ఇంకాస్త కిందికి గీకండి. ఎక్కడిదాకా చచ్చిందో కొత్త చిగుళ్లు వచ్చాకే నిజంగా తెలుస్తుంది, కత్తిరింపు అప్పుడే. ఈలోగా ఆకు రాలిన కొమ్మల బెరడు ఎండకు పగలకుండా నీళ్లు కలిపిన తెల్ల లేటెక్స్ రంగు పూయండి.

కోత సంగతి ఒక్కమాట. అవకాడో చెట్టు మీద మెత్తబడదు, కోసి ఇంట్లో పెట్టాలి. కోతకొచ్చిందో లేదో తేల్చుకోవడానికి ఒక్క కాయ కోసి చూడండి. ముడతలు పడకుండా సమంగా మెత్తబడితే మిగతావి కోయొచ్చు. తొడిమ దగ్గర ముడుచుకుపోయి రబ్బరులా ఉంటే ఇంకొన్ని వారాలు ఆగండి. చల్లటి చోట కాయ నిదానంగా ముదురుతుంది, పుస్తకాల్లో రాసిన నెలల లెక్క మీ చెట్టుకు కుదరదు.

ఇక మీ ప్రశ్నలు అడగండి. అడిగేటప్పుడు మీ దగ్గర రాత్రి ఎన్ని గంటలు సున్నా కింద ఉంటుందో, పూత నెలలో పగటి వేడి ఎంతో కూడా చెబితే ఏ రకం పెట్టాలో ఇక్కడే తేల్చుకుందాం.