‘బాబును స్కూలు మాన్పించండి’ అని నోటితో అంటున్నారు: ఆటిజంపై ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. ఆటిజం ఉన్న పిల్లల చదువు, హక్కుల మీద ఈరోజు ఫోన్-ఇన్. పిల్లల ఎదుగుదల నిపుణురాలు డాక్టర్ గారు స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ గుంటూరు నుంచి. చెప్పండి సార్.

కాలర్ (గుంటూరు): మేడం, మా పాపకి రెండేళ్ల నాలుగు నెలలు. పిలిస్తే పలకదు. కావలసింది వేలు పెట్టి చూపించదు. చెవుల పరీక్ష చేయించాం, బాగానే వినపడుతుందన్నారు. మూడేళ్లు నిండేదాకా చూద్దామంటున్నారు ఇంట్లో.

డాక్టర్: చూడొద్దు. పేరుకి పలకకపోవడం, వేలితో చూపించకపోవడం రెండూ ఉన్నాయంటే ఆగకూడదు. మీ జిల్లాలో డీఈఐసీ అని, చిన్నపిల్లల ఎదుగుదల లోపాలు ముందుగా చూసే కేంద్రం ఉంటుంది, ప్రభుత్వానిదే, డబ్బు కట్టక్కర్లేదు. అక్కడ చూపించండి. ఏ కాగితం ఇచ్చినా తేదీ వేయించి దాచుకోండి.

కాలర్: ఫోన్ పెడితేనే అన్నం తింటుందండీ. దాని వల్లేనంటారా? టీకాల వల్ల అని కూడా...

డాక్టర్: టీకాల మాట వదిలేయండి. 1998లో అలా రాసిన వ్యాసాన్ని అచ్చేసిన పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. ఫోన్ వల్ల ఆటిజం రాదు. కానీ ఫోన్ చూస్తున్నంతసేపు పాప మీ మొహం చూడదు. అన్నం దగ్గర ఫోన్ తీసేయండి. నాలుగు రోజులు గోల చేస్తుంది, చేయనీయండి.

యాంకర్: థాంక్యూ సార్. జనగామ నుంచి అమ్మ లైన్లో ఉన్నారు. అమ్మా, రేడియో సౌండు కొంచెం తగ్గించండి.

కాలర్ (జనగామ): తగ్గించిన మేడం. మా బాబుకి ఏడేళ్లు, ఒకటో తరగతి, ప్రైవేటు స్కూలు. ఆటిజం అని నాలుగేళ్లప్పుడు చెప్పారు. మాటలు లేవు. లేవంటే, టీవీలో యాడ్స్ మొత్తం చెప్తాడు, సబ్బుది, నూనెది, అన్నీ. దాహమైతే మాత్రం నా చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి లాక్కుపోతాడు. మా అత్తమ్మేమో వాళ్ల మామగారికి కూడా ఐదేళ్లదాకా మాట రాలేదట, వస్తాయిలే అంటుంది. మా ఆయన షాపు నుంచి వచ్చేసరికి రాత్రి పది. నేనే అన్నిటికీ తిరుగుతా. మాటలు వస్తాయా మేడం? మొన్న ప్రిన్సిపాల్ మేడం పిలిచి, పక్క పిల్లాణ్ణి కొరికిండు, స్కూలు మాన్పించండి అన్నది. లేకపోతే పక్కన కూర్చునే టీచర్ని మీరే పెట్టుకోండి, నెలకి పన్నెండు వేలు అన్నది.

డాక్టర్: కాగితం ఇచ్చారా?

కాలర్: లేదు, నోటితోనే.

డాక్టర్: కాగితం మీద ఎవరూ రాయరు. ఎందుకు రాయరో తెలుసా? ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్కూలు వైకల్యం పేరు చెప్పి పిల్లల్ని కాదనకూడదని 2016 దివ్యాంగుల చట్టం 16వ సెక్షన్ చెబుతోంది. 2009 విద్యాహక్కు చట్టంలోనూ 16వ సెక్షనే. ఎనిమిదో తరగతి అయ్యేదాకా బడిలోంచి తీసేయడానికి లేదంటుంది. రెండు చట్టాల్లోనూ 16, గుర్తుపెట్టుకోవడం తేలిక. ఇప్పుడు చెప్పండి, ఎప్పుడు కొరికాడు?

కాలర్: ఇంటర్వెల్ అయ్యాక. బెల్లు కొడితే చెవులు మూసుకుంటాడు. ఇంట్లో కుక్కర్ కూత వేసినా అంతే, మంచం కిందికి దూరతాడు. ఒకసారి మా ఆడబిడ్డ పెళ్లిలో బ్యాండు...

డాక్టర్: బెల్లు ఎక్కడుంది?

కాలర్: వాళ్ల క్లాసు గుమ్మం పక్కనే.

డాక్టర్: మరి ఇంకేం! సమస్య అక్కడుంటే మీ బాబును బయటికి పంపుతామంటున్నారు. బెల్లుకు దూరంగా ఉన్న గది, కుదరకపోతే గదిలో ఆ చివర కూర్చోబెట్టడం. కొట్టే ముందు నిమిషం తేడాతో చెప్పడం. చెవులకి హెడ్‌ఫోన్ లాంటివి ఉంటాయి, అవి పెట్టనివ్వడం. రోజంతా మనిషి పక్కన ఉండాలో లేదో ఇవన్నీ చేశాక చూద్దాం. ముందు ఒక పేజీ రాయండి, మా బాబుకి ఏది ఇష్టం, ఏది భయం, ఏడిస్తే ఎలా ఊరుకుంటాడు. క్లాసు టీచర్‌కి ఇవ్వండి. ప్రిన్సిపాల్ దగ్గరికి మీ ఆయన్ని తీసుకుని వెళ్లండి.

కాలర్: ఆయన రారు మేడం. గొడవెందుకు, వేరే స్కూల్లో వేద్దామంటారు.

డాక్టర్: ఆ స్కూల్లో బెల్లు ఉండదా? ఒక్క పూట షాపు కట్టేయమనండి. ఇద్దరూ కూర్చుంటే మాట తీరే మారుతుంది. గొడవ పడకండి. మాట్లాడి వచ్చాక ఆ సాయంత్రమే ‘ఈరోజు మనం ఇలా అనుకున్నాం’ అని వాట్సాప్ పెట్టండి. అర్జీ ఇస్తే రెండు కాపీలు, ఒకదాని మీద స్టాంపు వేయించుకోండి. రసీదు లేని అర్జీ ఇవ్వనట్టే లెక్క. వినకపోతే జిల్లా విద్యాధికారి డీఈఓ, ఆ పైన దివ్యాంగుల కమిషనర్. వైకల్య సర్టిఫికెట్ ఉందా?

కాలర్: తీసుకోలేదు. పేరు పడిపోతుంది, రేపు చెల్లెలికి సంబంధాలు రావు అంటుంది అత్తమ్మ.

డాక్టర్: సర్టిఫికెట్ మీ బీరువాలో ఉంటుందమ్మా, గోడకి అంటించరు. వైకల్యం 40 శాతం, ఆ పైన వస్తేనే పింఛను, పన్ను మినహాయింపు. నిరామయ అనే ఆరోగ్య బీమాకీ సర్టిఫికెట్ కావాలి. నిరామయలో ఏడాదికి లక్షదాకా వస్తుంది, థెరపీకి కూడా. ఇంకొకటి, సర్టిఫికెట్ ఇచ్చేచోట ఆటిజం ఎంత ఉందో కొలిచే స్కేలు మన సికింద్రాబాద్ మనోవికాస్ నగర్ సంస్థలో తయారైందే. 40 అంశాలుంటాయి. 70 మార్కుల నుంచి ఆటిజం కింద లెక్క. అడిగినప్పుడు చాలామంది తల్లులు ‘బాగానే చేస్తాడండీ’ అంటారు. పరువు కోసం చెప్పొద్దు. ఫ్రిజ్ దగ్గరికి లాక్కుపోవడం, చెవులు మూసుకోవడం, నాకు చెప్పినట్టే చెప్పండి.

యాంకర్: అమ్మా, థాంక్యూ, ఇంకా కాల్స్...

కాలర్: మేడం, ఒక్కటే. మాటలు వస్తాయా?

డాక్టర్: ఇందాకే అడిగారు, నేను దాటేశాను. వస్తాయో రావో నేను మాటివ్వలేనమ్మా. నాలుగేళ్లు దాటాక మాట వచ్చిన పిల్లల్ని చూశాను, రాని పిల్లల్నీ చూశాను. కానీ సబ్బు యాడ్ చెప్తున్నాడంటే విన్నది దాచుకుంటున్నాడు. అది వట్టిది కాదు. ఫ్రిజ్ మీద నీళ్ల గ్లాసు బొమ్మ అంటించండి. చెయ్యి లాగినప్పుడు ఆ బొమ్మ ముట్టించి, ‘నీళ్లు’ అని మీరు చెప్పి, వెంటనే ఇవ్వండి. బొమ్మలకి అలవాటు పడితే మాట రాదంటారు, అది నిజం కాదు. మీరు పొద్దున తిన్నారా?

కాలర్: ఇంకా లేదు మేడం.

డాక్టర్: తినండి ముందు.

యాంకర్: కరీంనగర్ కాలర్, త్వరగా చెప్పండి.

కాలర్ (కరీంనగర్): స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే ఆరు నెలల్లో నార్మల్ అవుతాడని ఒకచోట చెప్పారు మేడం. మూడు లక్షలు. భూమి అమ్ముదామా అని...

డాక్టర్: అమ్మకండి. ఆటిజానికి అది ఆమోదం పొందిన చికిత్స కాదు. నయం చేస్తాం, ఇన్ని నెలల్లో నార్మల్ చేస్తాం అన్న చోట కుర్చీలో కూడా కూర్చోకండి. స్పీచ్ థెరపిస్టుకి, స్పెషల్ టీచర్‌కి ఆర్‌సీఐ, అంటే భారత పునరావాస మండలి, రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. అడిగితే కోపమొచ్చిందంటే లేనట్టే.

కాలర్: మా బంధువుల అబ్బాయికి తగ్గిందంట...

డాక్టర్: తగ్గిందని కాగితం మీద రాసిస్తారేమో అడగండి. భూమి అమ్మకండి సార్. మళ్లీ చెప్తున్నా, అమ్మకండి.

యాంకర్: థాంక్యూ సార్. చివరి కాల్, రాజమండ్రి.

కాలర్ (రాజమండ్రి): మా అమ్మాయికి వచ్చే నెల 18 నిండుతాయండీ. బ్యాంకులో తనే సంతకం పెట్టాలంటున్నారు. తనకి రాయడం రాదు. మా తర్వాత ఎవరు...

డాక్టర్: గార్డియన్‌షిప్, అంటే చట్టప్రకారం సంరక్షకుల హోదా, తీసుకోండి. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా కలెక్టర్ అధ్యక్షతన కమిటీ ఉంటుంది. 18 నిండాక తల్లిదండ్రులైనా సరే అక్కడ దరఖాస్తు చేసుకోవాలి. ఆధార్, వైకల్య సర్టిఫికెట్...

కాలర్: నాకు ఆరోగ్యం బాలేదండీ, మా పెద్దబ్బాయి బెంగళూరులో...

డాక్టర్: పెద్దబ్బాయి పేరు కూడా అడగొచ్చు. దరఖాస్తు ఇచ్చి రసీదు...

యాంకర్: లైన్ కట్ అయినట్టుంది. టైమ్ కూడా అయిపోయింది. డాక్టర్ గారికి ధన్యవాదాలు. తర్వాత వార్తలు.