సొంత రక్తం దాచుకునే ముందు

అందరికీ నమస్కారం.

ఆపరేషన్ అనగానే రక్తం గురించి టెన్షన్ మొదలవుతుంది. "వేరేవాళ్ల రక్తం ఎందుకండీ, ముందే నా రక్తం తీసి ఉంచి నాకే ఎక్కించకూడదా?" అని చాలామంది అడుగుతారు. ఎక్కించవచ్చు. 1980లలో ఎయిడ్స్ భయం పాకినప్పుడు ఈ పద్ధతికి ఎక్కడలేని ఆదరణ వచ్చింది. దాతల రక్తానికి హెచ్ఐవి పరీక్ష 1985లో గానీ మొదలు కాలేదు మరి. పరీక్షలు మెరుగుపడే కొద్దీ ఆ ఆదరణ తగ్గింది. ఎందుకు తగ్గిందో తెలిస్తే, ఇది మీకు పనికొస్తుందో లేదో మీరే అంచనా వేసుకోగలరు.

ఆపరేషన్‌కి కొన్ని వారాల ముందు నుంచి, మామూలుగా వారానికి ఒకసారి, సుమారు 450 మిల్లీలీటర్లు తీస్తారు. హిమోగ్లోబిన్ కనీసం 11 గ్రాములు ఉంటేనే తీస్తారు. చివరిసారి ఇచ్చాక ఆపరేషన్‌కి కనీసం 72 గంటలు గడవాలి. మీ పేరు, నంబరు రాసిన ఆ బ్యాగును ఫ్రిజ్‌లో భద్రపరుస్తారు. కలిపిన ద్రావణాన్ని బట్టి అది 35 లేదా 42 రోజులు నిలుస్తుంది. ఈలోగా జ్వరం వచ్చి ఆపరేషన్ వాయిదా పడినా, బ్యాగు గడువు మాత్రం ఆగదు.

అసలు విషయం మీ ఒంట్లో జరిగేది. రక్తం ఇచ్చాక అందులోని ద్రవం ఒకటి రెండు రోజుల్లో భర్తీ అవుతుంది. ఎర్రకణాలు అలా కాదు, వాటికి వారాలు పడుతుంది. ఒక బ్యాగుతో 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుము బయటికి పోతుంది. మనం తినే తిండి నుంచి ఒంటికి పట్టేది మామూలుగా రోజుకు 1-2 మిల్లీగ్రాములే. అందుకే ఐరన్ మాత్రలు ఇస్తారు. కొందరికి ఎర్రకణాల తయారీని పెంచే ఎరిత్రోపోయెటిన్ ఇంజెక్షన్ కూడా ఇస్తారు. ఎర్రకణాలు తిరిగి పుట్టేంత వ్యవధి లేకుండా వెంటవెంటనే తీస్తే, ఒక బిందెలోని నీళ్లు ఇంకో బిందెలోకి వంపినట్టే. పైగా రక్తహీనతతో ఆపరేషన్ బల్ల ఎక్కుతారు. అసలు రక్తమే అవసరం పడని మనిషికి అప్పుడు అవసరం పడుతుంది. నాకు బాధ కలిగించేది ఇదే. ఇంకోవైపు, అవసరం పడక మిగిలిపోయే బ్యాగులూ చాలానే. వాటిని సాధారణంగా ఇతరులకు వాడరు, పారేయాల్సిందే.

సొంత రక్తమైతే మరొకరి నుంచి హెచ్ఐవి, హెపటైటిస్ సోకే ప్రమాదం ఉండదు. పరాయి కణాల మీద దాడి చేసే యాంటీబాడీలు పుట్టవు. కానీ నిల్వలో బ్యాక్టీరియా పెరగవచ్చు, ఎక్కువ ఎక్కిస్తే గుండె మీద భారం పడవచ్చు, ఒకరి బ్యాగు మరొకరికి వెళ్లవచ్చు. కాబట్టి మీ బ్యాగే అయినా పేరు, నంబరు సరిచూసే వరకు సూది కలపనివ్వకండి.

అయితే కొందరికి ఇది నిజంగా ప్రాణాధారం. 1952లో తొలిసారి వెలుగులోకి వచ్చిన, చాలా అరుదైన బాంబే గ్రూపు రక్తం ఉన్నవాళ్లనే తీసుకోండి. వాళ్లకు అదే గ్రూపు ఎర్రకణాలు తప్ప 'O' గ్రూపువి కూడా పనికిరావు. ఒంట్లో రకరకాల యాంటీబాడీలు ఉండి, సరిపడే దాత దొరకనివాళ్లదీ అదే పరిస్థితి. ఇలాంటివాళ్ల ఎర్రకణాలను గ్లిసరాల్ కలిపి మైనస్ 65 డిగ్రీలు, అంతకంటే తక్కువ చలిలో గడ్డకట్టించి 10 ఏళ్ల దాకా దాచవచ్చు. వీళ్లు అడిగితే నేను రెండో ఆలోచన లేకుండా సరే అంటాను. ఒంట్లో బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్లకు, విశ్రాంతిలోనూ గుండెనొప్పి వస్తున్నవాళ్లకు, గుండె కవాటం బాగా ఇరుకైనవాళ్లకు మాత్రం వద్దంటాను.

మిగతావాళ్లకు అంతకంటే మంచి దారులున్నాయి. రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ ఉంది. ఆపరేషన్‌లో కారిన రక్తాన్ని అప్పటికప్పుడు సేకరించి, కడిగి, ఎర్రకణాలను మీకే తిరిగి ఎక్కించే సెల్ సేవర్ యంత్రం ఉంది. ఎక్కువ రక్తం పోయే ఆపరేషన్ అయితే దాని గురించి సర్జన్‌ని, మత్తు డాక్టర్‌ని తప్పక అడగండి. పేగుల్లోని మలినం కలిసే చోట అది సాధారణంగా కుదరదు. క్యాన్సర్ ఆపరేషన్లలో ఆచితూచి వాడతారు.

వీటన్నిటికంటే ముందు హిమోగ్లోబిన్ పరీక్ష. ఆపరేషన్ మాట వచ్చిన రోజే చేయించుకోండి, ముందు రోజు కాదు. తక్కువగా ఉంటే కారణం వెతకమనండి. ఇనుము లోపమైతే మాత్రలకు కొన్ని వారాలు పడుతుంది, వ్యవధి చాలకపోతే నరానికి ఎక్కించే ఐరన్ ఉంది. తొందర లేని ఆపరేషన్ అయితే, రక్తం పుంజుకునే దాకా వాయిదా వేయమని డాక్టరుగారిని అడగండి.