రష్ 'సిగ్నల్స్': సింథ్ వచ్చింది, గిటార్ ఎందుకు వెనక్కి పోయింది?

నమస్తే అండీ. ఈరోజు 1982లో వచ్చిన రష్ ఆల్బమ్ సిగ్నల్స్ గురించి మాట్లాడుకుందాం. రష్ కెనడా రాక్ బ్యాండ్, అప్పట్లో ఉన్నది ముగ్గురే. గెడ్డీ లీ పాడుతూ బేస్ గిటార్ వాయించేవాడు, గిటార్ అలెక్స్ లైఫ్‌సన్, డ్రమ్స్ నీల్ పీర్ట్. సింథసైజర్, అంటే కరెంటుతో శబ్దాలు పుట్టించే కీబోర్డ్ (ముద్దుగా సింథ్), వీళ్లకి కొత్తేం కాదు. ముందు ఏడాది మూవింగ్ పిక్చర్స్ ఆల్బమ్‌లో, టామ్ సాయర్ పాట మొదట్లో గుర్రుమంటూ వినిపించేది అదే. కాకపోతే అక్కడ వచ్చి వెళ్తుంది, సిగ్నల్స్‌లో తిష్ట వేసింది.

మొదటి పాట సబ్‌డివిజన్స్ పెట్టండి. ఎత్తుకోవడమే కీబోర్డ్‌తో, అదీ మామూలు నాలుగు కాదు, ఏడు దెబ్బల లెక్కలో. ఇదే పాట లైవ్ వీడియో దొరికితే గెడ్డీ కాళ్లు చూడండి. రెండు చేతులూ కీబోర్డ్ మీద ఉన్నప్పుడు బేస్ ఎవరు వాయించాలి? అందుకే కింద బేస్ స్వరాలు పలికే మూగ్ టారస్ పెడల్స్, వాటిని కాలితో నొక్కుతూ, పైన కీస్ వాయిస్తూ, మైక్ దగ్గర పాడుతూ ఉంటాడు. ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, గిటార్ తీగ మీటగానే శబ్దం తగ్గుతూ పోతుంది, సింథ్ మీద కలిపి నొక్కిన స్వరాలు మాత్రం వేళ్లు తీసేదాకా అలాగే మోగుతాయి. రెండూ ఒకే స్థాయిలో మోగుతుంటే గిటార్ వినపడేదెలా? పైగా మిక్స్‌లో, అంటే అన్ని శబ్దాలనూ కలిపి స్థాయిలు సరిచేసేటప్పుడు కూడా, గిటార్‌ని తగ్గించారు. లైఫ్‌సన్ తర్వాత ఇంటర్వ్యూల్లో ఈ అసంతృప్తి దాచుకోలేదు, నా దృష్టిలో అతని బాధ పూర్తిగా న్యాయమే. అలాగని సింథ్ వద్దనను. ఊరి చివర ఒకేలాంటి ఇళ్ల మధ్య ఊపిరాడని కుర్రాళ్ల గురించి రాసిన పాటకి ఆ చల్లటి శబ్దం తప్ప ఇంకేదీ నప్పదు. తప్పు వాయిద్యంలో లేదు, మిక్స్‌లో ఉంది.

1975 నుంచీ వాళ్లతో పనిచేసిన ప్రొడ్యూసర్ టెర్రీ బ్రౌన్‌కి ఇదే ఆఖరి ఆల్బమ్. 1985 నాటి పవర్ విండోస్‌కి వచ్చేసరికి కీబోర్డ్ లేయర్లు ఇంకా పెరిగాయి. అదే బ్యాండ్ 2002లో వేపర్ ట్రెయిల్స్ చేసినప్పుడు కీబోర్డ్ ముట్టుకోనేలేదు!

సబ్‌డివిజన్స్ అవగానే ఆపేయకండి, వెంటనే వచ్చే ది అనలాగ్ కిడ్ కూడా వినండి, అందులో లైఫ్‌సన్ గిటార్ పరిగెడుతుంది. హెడ్‌ఫోన్స్‌తో రెండూ వరసగా విని, గిటార్ మీకు ఎక్కడెక్కడ మునిగిపోయినట్టు అనిపించిందో కామెంట్‌లో రాయండి.