సరిహద్దు దాకా ఎవరు తీసుకొస్తారు?

(స్టూడియో చర్చ. పాల్గొన్నవారు: మాజీ దౌత్యాధికారి, 2022లో ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో మెడిసిన్ చదువుతూ తిరిగొచ్చిన డాక్టర్, గల్ఫ్ కార్మికుల కోసం పనిచేస్తున్న కార్యకర్త.)

యాంకర్: నమస్కారం. విదేశాల్లో యుద్ధం వస్తే మనం టీవీలో చూసేది విమానం దిగి జెండా పట్టుకున్న పిల్లల్ని. అంతకుముందు జరిగేది ఈ రోజు మాట్లాడుకుందాం. సార్, ఎంబసీ మొదట చేసే పనేంటి?

మాజీ దౌత్యాధికారి: మనవాళ్లు ఎంతమంది, ఏ ఊళ్లో ఉన్నారో లెక్క తీయడం. చాలాసార్లు ఆ లెక్కే సరిగ్గా ఉండదు. తర్వాత దారి వెతకాలి. యుద్ధం మొదలవగానే గగనతలం మూసేస్తారు. ఉక్రెయిన్‌లో 2022 ఫిబ్రవరి 24న అదే జరిగింది. అందుకే ఆపరేషన్ గంగ విమానాలు రొమేనియా, హంగరీ, పోలండ్, స్లొవేకియాల నుంచి నడిపారు. 2023లో సూడాన్‌లో కూడా అంతే. ఖార్టూమ్ నుంచి పోర్ట్ సూడాన్‌కు ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు బస్సుల్లో తెచ్చి, అక్కణ్నుంచి ఓడల్లో, విమానాల్లో జెడ్డాకు చేర్చారు.

డాక్టర్: మేమున్న ఖార్కివ్ రష్యా సరిహద్దు పక్కనే సార్. పోలండ్ వైపు వెళ్లాలంటే దేశం మొత్తం దాటాలి. మార్చి 1న అక్కడే మన విద్యార్థి ఒకరు చనిపోయారు. మర్నాడు ఎంబసీ మెసేజ్ వచ్చింది. సాయంత్రం ఆరు లోపు ఊరు వదలండి, బండి దొరక్కపోతే నడిచి వెళ్లండి అని. రైలు ఎక్కడానికి మాకు చోటు దొరకలేదు. ఊరి బయటున్న పిసోచిన్ దాకా 11 కిలోమీటర్లు, బాంబుల చప్పుళ్ల మధ్య నడిచాం. అక్కడ బస్సులు వచ్చేదాకా ఒకటే టెన్షన్. విమానం ఎక్కాక కష్టమేం లేదండీ, నిద్రపోయాం.

యాంకర్: ముందే ఎందుకు బయల్దేరలేదని అప్పట్లో చాలామంది అడిగారు.

డాక్టర్: అడిగినవాళ్లలో మా బంధువులే ఎక్కువ! ఫిబ్రవరి 15న వచ్చిన సూచనలో, ఉండాల్సిన అవసరం లేనివాళ్లు తాత్కాలికంగా వెళ్లే విషయం ఆలోచించుకోవచ్చు అన్నారు. మా కాలేజీ మాత్రం క్లాసులు ఆపలేదు. హాజరు పోతే ఏడాది పోతుందని భయం. టికెట్ల ధరలు చూస్తే ఇంకో భయం. అప్పు చేసి పంపిన నాన్న, ఇంకో వారం చూద్దాం అన్నారు. ఆ సూచన గట్టిగా ఉండి ఉంటే నాన్న మాట కూడా మారేది.

మాజీ దౌత్యాధికారి: గట్టిగా రాయడంలో ఇబ్బంది ఉందమ్మా. వెంటనే వెళ్లిపొమ్మంటే, మీ దేశం మీద మాకు నమ్మకం లేదని అక్కడి ప్రభుత్వానికి చెప్పినట్టే. రేపు బస్సులు, అనుమతులు అడగాల్సింది వాళ్లనే. అమెరికా ఫిబ్రవరి రెండో వారానికే తన పౌరుల్ని వెళ్లిపొమ్మంది. మేం వచ్చి తీసుకెళ్లలేమని కూడా తేల్చేసింది. మనం తీసుకొచ్చాం, డబ్బులూ అడగలేదు.

యాంకర్: అయినా సార్, కాలేజీలతో మాట్లాడి ఆన్‌లైన్ క్లాసులు పెట్టించడానికి అక్కడి ప్రభుత్వం నొచ్చుకోదు కదా?

మాజీ దౌత్యాధికారి: ఒప్పుకుంటాను. అది ముందే తేలాల్సిన పని.

కార్యకర్త: డబ్బుల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. 2020లో కరోనా వేళ మనవాళ్లను తెచ్చిన వందే భారత్ విమానాలకు పని పోయిన కూలీ కూడా టికెట్ కొనుక్కునే ఎక్కాల్సి వచ్చింది. విద్యార్థులకు ఫ్రీగా తెచ్చినందుకు నాకు కోపం లేదు. మావాళ్లకు ఎందుకు లేదనే నా ప్రశ్న.

మాజీ దౌత్యాధికారి: కూలీలను పట్టించుకోలేదనలేం. 1990లో కువైట్‌ను ఇరాక్ ఆక్రమించినప్పుడు అక్కడున్న లక్షా డెబ్బై వేల మంది మనవాళ్లలో ఎక్కువమంది పనివాళ్లే. బాగ్దాద్ మీదుగా బస్సుల్లో జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరారు. అక్కణ్నుంచి ఎయిరిండియా లక్ష మందికి పైగా తెచ్చింది.

కార్యకర్త: కడపలో, గోదావరి జిల్లాల్లో ఆ బస్సుల ముచ్చట ఇప్పటికీ చెబుతారు. దాచుకున్న దినార్లు పోయాయి. తర్వాత ఐక్యరాజ్యసమితి కమిషన్ ఇరాక్ చమురు డబ్బుతో పరిహారం ఇప్పించింది. అయితే అప్పుడు సరిహద్దు దాటనిచ్చారు. ఇప్పుడు గల్ఫ్‌లో ఏదైనా జరిగితే ఖల్లివల్లి అయినవాళ్ల, అంటే యజమానిని వదిలి కాగితాల్లేకుండా ఉంటున్నవాళ్ల సంగతేంటి? కఫీల్ దగ్గర, అంటే వీసా ఇచ్చిన యజమాని దగ్గర పాస్‌పోర్టు ఉంటుంది, ఆకామా, అంటే అక్కడుండే అనుమతి కార్డు గడువు అయిపోయి ఉంటుంది. ఎంబసీ గడప తొక్కితే పట్టిస్తారని భయం. మీరు తీసే లెక్కలో వాళ్లు రారు సార్.

మాజీ దౌత్యాధికారి: ఎంబసీ పట్టివ్వదు. పాస్‌పోర్టు లేకపోతే ఇంటికి రావడానికి ఔట్‌పాస్ అనే తాత్కాలిక పత్రం ఇస్తుంది. దేశం దాటే అనుమతి మాత్రం అక్కడి ప్రభుత్వం ఇవ్వాలి.

కార్యకర్త: ఆ అనుమతికి, గడువు దాటి ఉన్నందుకు పడే జరిమానా అడ్డం. కువైట్ 2018లో, మళ్లీ 2020లో జరిమానా లేకుండా వెళ్లిపొమ్మని క్షమాభిక్ష పెడితే తెలుగువాళ్లు ఎంతమంది బయటికొచ్చారో మీకు తెలుసు. అంతదాకా వాళ్లు ఉన్నట్టే ఎవరికీ తెలీదు.

మాజీ దౌత్యాధికారి: దానికో దారి ఉంది. 2009లో పెట్టిన భారతీయ సమాజ సంక్షేమ నిధి. పాస్‌పోర్టు, వీసా సేవలకు ఎంబసీలు వసూలు చేసే అదనపు రుసుముతో నడుస్తుంది. కార్మికుడి తప్పు లేనప్పుడు జరిమానా కూడా అందులోంచి కట్టొచ్చు.

కార్యకర్త: ఈ సంగతి జగిత్యాలలో బస్సెక్కేవాడికి ఎవరు చెబుతున్నారు? ఏజెంట్ చెప్పడు.

యాంకర్: ఇంటి దగ్గరున్నవాళ్లు ఈ రోజే చేయగలిగింది ఏమైనా ఉందా?

కార్యకర్త: పాస్‌పోర్టు, వీసా, ఆకామా ఫొటోలు తీయించి ఇంట్లో ఒకరి ఫోన్‌లో పెట్టుకోండి. కంపెనీ పేరు, క్యాంప్ ఉన్న ఊరు రాసుకోండి. అది లేకుండా మా దగ్గరికొస్తే, మావాడు దుబాయ్‌లో ఉన్నాడంటారు. ఫోన్ నంబర్ చూస్తే ఒమన్‌ది.