చలి ప్రాంతంలో దానిమ్మ: తొందరపడి పీకేయకండి

[దగ్గరి షాట్: ఆకు లేని దానిమ్మ కొమ్మ. బొటనవేలి గోరుతో బెరడును మెల్లగా గీకుతున్న చేయి.]

ఈ గీత చూడండి. బెరడు కింద గోధుమ రంగు, పొడిపొడిగా ఉంది. అంటే ఈ కొమ్మ చచ్చిపోయింది. ఇంకాస్త కిందికి వద్దాం. ఇక్కడా అంతే. ఇంకా కిందికి, నేలకు జానెడు ఎత్తులో... ఇదిగో, పచ్చగా, తడిగా! చెట్టు బతికే ఉంది.

ఇలా గీకి చూడాలని మొదట్లో నాకు తెలియదు. నేను నాటిన మొదటి దానిమ్మను ఏప్రిల్ నెలాఖరులో పీకేశాను. చుట్టూ అన్నీ చిగురిస్తుంటే అదొక్కటే ఎండు పుల్లల్లా నిలబడింది. గునపంతో తవ్వి తీస్తే వేరు మొదట్లో, మట్టి లోపల, బియ్యపు గింజంత ఎర్రటి చిగుళ్లు రెండు కనిపించాయి. అప్పుడు ఎంత బాధపడ్డానో చెప్పలేను. ఇంకెవరూ అలా చేయకూడదనే ఈ వీడియో.

[ఇరాన్ నుంచి ఉత్తర భారతం దాకా చూపించే పటం]

దానిమ్మ పుట్టిల్లు ఇరాన్ నుంచి హిమాలయాల దాకా ఉన్న ప్రాంతం. అక్కడ ఎండ ఎంత ఉంటుందో చలీ అంతే ఉంటుంది. అందుకే చలికాలంలో ఇది ఆకు రాల్చి నిద్రపోతుంది. పూర్తిగా నిద్రలో ఉన్నప్పుడు చాలా రకాలు మైనస్ 10, మైనస్ 12 డిగ్రీల వరకు తట్టుకుంటాయి.

మరి మైనస్ 5కే ఎందుకు చస్తోంది? వేళగాని వేళ వచ్చే చలి వల్ల. ఈ ఒక్క విషయం పట్టుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

ఆకురాలు కాలంలో చెట్టు ఇంకా లేతగా పెరుగుతూ ఉంటే, హఠాత్తుగా మంచు పడగానే ఆ లేత కలపలోని నీరు గడ్డకట్టి కణజాలం పాడైపోతుంది. చలికాలం చివర్లో ఇంకో ప్రమాదం ఉంది. ఆపిల్ లాంటి చెట్లలో చాలా రకాలకు నిద్ర తీరాలంటే 7 డిగ్రీల లోపు చలి వందల గంటలు, కొన్నిటికి 1,000 గంటలు కావాలి. దానిమ్మకు 100 నుంచి 200 గంటలు చాలు. అంటే చలికాలం సగంలోనే దాని నిద్ర తీరిపోతుంది. ఆ తర్వాత ఒక్క వారం వెచ్చగా ఉన్నా మాను లోపల కదలిక మొదలవుతుంది. మళ్లీ గడ్డకట్టే చలి రాగానే మాను మొదలు దగ్గర బెరడు నిలువునా చీలుతుంది.

కాబట్టి వేసవి సగం దాటాక నత్రజని ఎరువు వేయకండి. ఆకులు పసుపు తిరిగే రోజుల్లో నీళ్లు కూడా తగ్గించండి. చెట్టు ఎదుగుదల ఆపి గట్టిపడాలి. మానుకు సున్నం పూస్తే పగటి ఎండకు వేడెక్కడం తగ్గుతుంది. గట్టి మంచు పడేలోపు మాను మొదలు చుట్టూ అడుగు ఎత్తున మట్టి ఎగదోయండి. మట్టి కింద ఉన్నంత భాగం మీకు భద్రం. వసంతంలో మంచు భయం పోయాక ఆ మట్టి తీసేయడం మాత్రం మరచిపోకండి.

[ఎండ పడే గోడ, దాని పక్కన దానిమ్మ పొద]

ఎక్కడ నాటాలి? పగలు ఎండను పీల్చుకుని రాత్రి వెచ్చదనం వదిలే గోడ పక్కన. భూమికి ఉత్తర భాగంలో ఉన్నవాళ్లకు దక్షిణానికి ముఖం ఉన్న గోడ. పల్లంలో వద్దు. చల్లటి గాలి నీళ్లలాగే పల్లానికి పారి అక్కడే నిలుస్తుంది. నీరు నిలిచే నేల అసలే వద్దు.

మొక్క ఎంచుకునేటప్పుడు అంటు కట్టినది కాకుండా, కొమ్మను నాటి సొంత వేరు మీద పెంచినదే తీసుకోండి. పైభాగం పోయినా వేరు నుంచి వచ్చే పిలకలు అదే రకం కాయ ఇస్తాయి. అంటు మొక్క అయితే కింది వేరు రకమే మొలుస్తుంది. కొమ్మతో పెంచడం కష్టమేం కాదు. చలికాలం చివర్లో పెన్సిల్ లావు, జానెడు పొడవు ముక్క కోసి, పైన రెండు కణుపులు ఉంచి నాటితే చాలు.

రకాల మాటకొస్తే, సలావట్స్కీ, కజాకే అనేవి చలికి బాగా ఆగుతాయని పేరు. ఎక్కువగా అమ్ముడయ్యే వండర్‌ఫుల్ రకం అంత ఆగదు, పైగా ఆలస్యంగా పండుతుంది. పువ్వు నుంచి పండు దాకా 5 నుంచి 7 నెలలు కావాలి కాబట్టి చిన్న వేసవి ఉన్నచోట ఇది పెద్ద విషయమే.

ఇక్కడ గ్రెగరీ లెవిన్‌ను తలుచుకోవాలి. తుర్క్‌మెనిస్తాన్‌లో కోపెట్ దాగ్ కొండల దగ్గర గారిగాలా కేంద్రంలో ఆయన దశాబ్దాల పాటు పనిచేసి 1,100కు పైగా దానిమ్మ రకాలు సేకరించారు. సోవియట్ యూనియన్ కూలాక ఆ కేంద్రం దెబ్బతింది, ఆయన దేశం వదలాల్సి వచ్చింది. అంతకుముందే కొన్ని రకాలు విదేశాలకు చేరడం వల్ల అవి నిలిచాయి. ఒక మనిషి జీవితమంతా పెట్టిన పని అది.

[నేల మీదికి వంచిన కొమ్మలు, వాటి మీద మట్టి కప్పుతున్న చేతులు]

మధ్య ఆసియాలో ఇంకో పద్ధతి ఉంది, నాకు చాలా ఇష్టం. ఉజ్బెకిస్తాన్‌లో చలి ఎక్కువున్న చోట్ల దానిమ్మను ఒకే మానుగా పెంచరు. ఏటవాలుగా నాటి, విసనకర్రలా కొమ్మలు పరిచి, చలికాలం ముందు నేలకు వంచి మట్టి కప్పేస్తారు. వసంతంలో తవ్వి మళ్లీ లేపుతారు. పొలమంతా అలా చేయడం ఎంత చాకిరీయో ఆలోచించండి! పెరట్లో ఒకటి రెండు చెట్లకు మీరూ చేయొచ్చు. వంచడం కుదరకపోతే 4, 5 మానులున్న పొదగా పెంచండి. ఒకటి పోయినా మిగతావి నిలుస్తాయి.

మానును కాపాడుకోవడం ఎందుకంత ముఖ్యమంటే, కాయలు ఎక్కువగా కాసేది రెండు మూడేళ్ల కొమ్మల మీది పొట్టి రెమ్మలకే. ఏటా నేల దాకా చచ్చిపోతే పొద దొరుకుతుంది కానీ పండు దొరకదు. కాపు మొదలయ్యాక చాలా పూలు రాలితే టెన్షన్ పడకండి. అడుగు సన్నగా గంటలా ఉన్నవి రాలేవే, కూజాలా అడుగు లావుగా ఉన్నవి పిందె కడతాయి.

కుండీ అయితే ఆకు రాలాక గడ్డకట్టని చల్లటి గదిలోకి చేర్చి, మట్టి పూర్తిగా ఎండకుండా అప్పుడప్పుడు కాస్త నీళ్లు పోయండి.

[మళ్లీ మొదటి చెట్టు]

దీనికి పచ్చదనం దొరికిన చోట దారం కట్టాను. నేల వేడెక్కాకే వేరు కదులుతుంది కాబట్టి జూన్ మధ్య వరకు కత్తెర ముట్టను. పిలకలు మోకాలెత్తు వచ్చాక గట్టివి ఐదు ఉంచి, మిగతావి మొదలంటా తీసేస్తాను.