రాష్ట్రం అప్పు లెక్క అసెంబ్లీ ముందుకు రావాలి

అందరికీ నమస్కారం. ఎండలో వచ్చారు, నేరుగా విషయంలోకి వెళ్తాను. ఈ ఎన్నికల్లో నేను అడుగుతున్నది ప్రధానంగా ఒక్కటే, ఆంధ్రప్రదేశ్ ఖజానా పేరు మీద జరిగే ప్రతి అప్పూ, ప్రతి చెల్లింపూ మనకి కనపడాలి.

రిజర్వు బ్యాంకు సాధారణంగా మంగళవారాల్లో రాష్ట్రాల సెక్యూరిటీలు, అంటే అప్పు పత్రాలు, వేలం వేస్తుంది. మన ప్రభుత్వం కూడా అక్కడే అప్పు తెచ్చుకుంటుంది, ఎన్నేళ్లకి ఎంత వడ్డీ అన్నది ఆ రోజే తేలిపోతుంది. ఆ అప్పు ఎక్కువా తక్కువా అని కొట్లాడుకోవచ్చు గానీ దానికి లెక్కంటూ ఉంది. నాకు టెన్షన్ అంతా రెండో రకం అప్పు గురించే. ఒక కార్పొరేషన్ పెడతారు, దాని పేరుతో బ్యాంకుల్లో వేల కోట్లు తెస్తారు, ప్రభుత్వం గ్యారంటీ సంతకం పెడుతుంది, ఆ కార్పొరేషన్‌కి సొంత ఆదాయం పెద్దగా ఉండదు కాబట్టి వాయిదాలు చివరికి ఖజానా నుంచే పోతాయి, అయినా ఆ మొత్తం బడ్జెట్‌లో ద్రవ్యలోటు, అంటే అప్పుతో పూడ్చే లోటు, కింద కనపడదు. లోటుకి హద్దు పెట్టుకుంటూ 2005లో మనమే ద్రవ్య బాధ్యత చట్టం చేసుకున్నాం కదా, మరి అప్పుని పక్కింట్లో దాచి మా ఇంట్లో బాకీ లేదంటే ఎలా? ఇలాంటి అప్పుల్ని కూడా రాష్ట్రాల రుణ పరిమితిలో కలుపుతామని 2022లో కేంద్రం చెప్పింది. ఢిల్లీ అడిగేదాకా ఎందుకు ఆగాలి, మన అసెంబ్లీయే అడగాలి. ఏ కార్పొరేషన్ ఎంత తెచ్చింది, ఏ ఏడు ఎంత కట్టాలి, ఎవరు కడుతున్నారు, ఈ వివరాలు ఒకే పట్టికగా బడ్జెట్‌తో పాటు సభలో పెట్టాలి. కొత్త గ్యారంటీకి సభ ఓటు తప్పనిసరి చేయాలి.

ఇక బిల్లుల సంగతి. ఊళ్లో బడి ప్రహరీ కట్టిన చిన్న కాంట్రాక్టర్‌ని అడగండి. పని అయిపోయింది, ఇంజనీర్ వచ్చి కొలిచి ఎం-బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో రాశాడు, బిల్లు ప్రభుత్వం చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థ సీఎఫ్ఎంఎస్‌లోకి ఎక్కింది, అక్కడ ఆగింది. మార్చి 31 దాటితే మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవాలి. ఈలోపు సిమెంటుకి తెచ్చిన డబ్బుకి నూటికి రెండు రూపాయల వడ్డీ నడుస్తూనే ఉంటుంది, తెలిసినవాళ్లున్న ఇంకొకడి బిల్లు మాత్రం వెనక వచ్చి ముందు పాసవుతుంది. ఇది నాకు నిజంగా కోపం తెప్పించే విషయం. ముందు వచ్చిన బిల్లు ముందు చెల్లించాలి, ఆ వరుస ఎవరైనా ఫోన్‌లో చూసుకునేలా ఉండాలి, వరుస తప్పిస్తే ఏ అధికారి ఏ కారణంతో తప్పించారో పక్కనే రాసి ఉండాలి. జీతాలు, ఆసుపత్రి మందుల లాంటివాటికి విడి వరుస పెట్టుకోవచ్చు, దానికి అభ్యంతరం లేదు.

పంచాయతీలకు వచ్చిన ఆర్థిక సంఘం నిధుల్ని కరెంటు బకాయిల కింద సర్దేస్తే సర్పంచులు రోడ్డెక్కడం మనం చూశాం. ఆ డబ్బు పంచాయతీ తీర్మానం లేకుండా కదలకూడదు, అంతే.

ఒక్క ఎమ్మెల్యే ఏం చేయగలడని మీలో చాలామందికి ఉంటుంది, న్యాయమైన ప్రశ్నే. ఖజానా మీద ఖర్చు పడే బిల్లు సభ ఆమోదం పొందాలంటే రాజ్యాంగం 207వ అధికరణం ప్రకారం గవర్నర్ సిఫారసు కావాలి, అంటే అది ప్రభుత్వం చేతిలో పని. కానీ ఒక పద్దు కింద ప్రభుత్వం అడిగిన డబ్బు తగ్గించాలని పెట్టే కోత తీర్మానం ఇవ్వడానికి ఎవరి దయా అక్కర్లేదు. గ్యారంటీల మీద ప్రశ్న వేయొచ్చు, మంత్రి కాని సభ్యుడు పెట్టుకునే ప్రైవేటు బిల్లు పెట్టొచ్చు. ప్రభుత్వ ఖర్చుల్ని ఆడిట్ చేసే కాగ్ ఇచ్చే నివేదికని సమావేశాల ఆఖరి రోజు బల్ల మీద పెట్టి సభ ముగించే అలవాటు ఉంది చూశారా, దానిమీద చర్చకి కనీసం రెండు రోజులు కావాలని ప్రతి సమావేశంలో నోటీసు ఇస్తాను, సభ ఒప్పుకోకపోతే ఆ నివేదికలో మన జిల్లా గురించి ఉన్నదంతా మండలం మండలం తిరిగి చదివి వినిపిస్తాను.

పథకాలు ఆపేస్తావా అని పొద్దున ఒక పెద్దమ్మ అడిగింది. ఆపనమ్మా. పింఛను మీద బతికేవాళ్లు మన వీధిలోనే ఉన్నారు. కొత్తది ప్రకటించేటప్పుడు మాత్రం ఏడాదికి ఎంతవుతుంది, ఏ పద్దులోంచి తెస్తారు, అప్పయితే ఎన్నేళ్లు కట్టాలి అన్నది ఆ జీవోలోనే రాయమంటాను. నా పార్టీ ప్రభుత్వం వచ్చినా ఇదే అడుగుతాను.

ఇక మీరు అడగండి, మొదట వెనక వరుసలో వాళ్లకి మైకు ఇవ్వండి బాబూ.