మూట విప్పే ముందు
(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా శ్రీకాకుళంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

నన్ను పిలిచిన కుర్రాళ్ళు "మీ కుటుంబ చరిత్ర గురించి చెప్పండి మేడమ్" అన్నారు. మా మామ్మ పుట్టింటి గొడవలు విని మీరేం చేస్తారు? ఆ చరిత్ర కోసం పన్నెండేళ్ళుగా పోగేసిన కాయితాల్ని నేనెలా పాడుచేసుకున్నానో, ఆనక ఎలా దారిలో పెట్టుకున్నానో చెబుతాను. అది వింటే మీ ఇళ్ళలో ఉన్నవాటిలో కొన్నయినా బతుకుతాయి.

తెలుగు టీచరుగా రిటైరయ్యాక చేతికి పనిలేక మొదలుపెట్టిన పని ఇది. నరసన్నపేట వైపు మా పెద్దమ్మ ఇంట్లో అటక మీద ఒక మూట ఉందని తెలిసి వెళ్ళాను. "ఏటే గుంటా, ఈ పాత కాయితాలు నీకేటికే? పొయ్యి రాజేసుకోడానికి ఉంచినాను" అంది. పాత పంచె ముక్క, దానికి కొబ్బరితాడు కట్టు. లోపల దస్తావేజులు, శిస్తు రశీదులు, రంగం నుంచి వచ్చిన ఉత్తరాలు, ఒక చిరిగిన పంచాంగం, ఒక ఫొటో. రంగం అంటే రంగూను. మన జిల్లాలో రంగం వెళ్ళినవాడు లేని ఊరు తక్కువ కదా.

ఇంటికి తెచ్చిన రాత్రే కూర్చుని అంతా సర్దేశాను. తాతయ్యవి ఒక ప్లాస్టిక్ కవరు, చినతాతవి ఇంకో కవరు, పొలం కాయితాలు మరో కవరు. పేర్లు రాసి అంటించాను. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉందో! నేను చేసిన అసలు తప్పు అదే.

ఆ ఫొటోలో ఇద్దరు మగవాళ్ళు కోట్లు వేసుకుని, కింద పంచెలతో నిలబడి ఉన్నారు. వెనక పెన్సిల్‌తో ఒకటే మాట, "చిత్రభాను". ఫొటో ఏదో ఉత్తరం మడతలో ఉండగా నేనే తీశాను, ఆ సంగతి గుర్తుంది. ఏ ఉత్తరమో గుర్తులేదు. చినతాత ఉత్తరంలో ఉన్నదైతే ఒక మనిషి, ఇంకొకరి ఉత్తరంలోదైతే ఇంకో మనిషి. చెప్పగలిగిన పెద్దమ్మ ఇప్పుడు లేదు. ఏ కాయితం పక్కన ఏది ఉందో ఆ మూట డెబ్భై ఏళ్ళు భద్రంగా పట్టుకుని ఉంటే, నేను ఒక్క రాత్రిలో చెదరగొట్టాను.

సంవత్సరం మాత్రం పట్టుకోగలిగాను. చిత్రభాను అరవై ఏళ్ళకొకసారి వస్తుంది. 1882, 1942, 2002. 1882లో ఫొటో దిగే స్తోమత మావాళ్ళకి లేదు, 2002 అసలే కాదు. మిగిలింది 1942. ఆ ఏడు మార్చి మొదట్లో రంగూను జపాను వాళ్ళ చేతిలో పడింది. చిత్రభాను ఉగాది వచ్చింది ఆ తర్వాత, మార్చి మధ్యలో. కాబట్టి ఈ ఫొటో రంగంలో దిగింది కాదు, అడవుల వెంట నడిచి ఇల్లు చేరాక ఇక్కడ దిగింది అయ్యుండాలి. ఒక్క మాటకి ఇంత దొరికింది. అదే ఆ ఉత్తరం కూడా తోడుంటే?

అందుకే చెప్పేది, మూట దొరికితే ముందు విప్పకండి. కట్టు ఉండగానే ఫోనుతో ఫొటో తీయండి. విప్పాక పొర పొరకీ తీయండి. ఏది దేని మడతలో ఉందో దాన్ని అక్కడే ఉంచి, పైనుంచి కిందకి వరసగా అంకెలు వేయండి. మెత్తటి పెన్సిల్‌తో, వెనక మూల, నొక్కకుండా. బాల్‌పెన్ను వద్దు. అవే అంకెలు ఒక నోటుబుక్కులో ఎక్కించి, ఎవరింట్లో దొరికింది, ఎవరిచ్చారు, ఏ తారీకు, ఇచ్చేటప్పుడు ఏమన్నారు, అన్నీ రాయండి. "అత్త చెప్పింది" అని రాస్తే చాలదు. మనకి అత్తలు ఎంతమంది! ఏ అత్తో, తను కళ్ళారా చూసిందో, విన్నదో కూడా ఉండాలి. తర్వాత మనిషి వారీగా చూసుకోవాలంటే ఆ పట్టిక పుస్తకంలో వేసుకోండి. కాయితాలు మాత్రం దొరికిన వరసలోనే ఉండాలి.

ఊరి పేరుతో సర్దితే తేలిక అనుకుంటారు కొందరు. మన దగ్గర ఆ పప్పులుడకవు. చికాకోల్, అంటే పాత శ్రీకాకుళం, ఆ తాలూకాలో ఒక పల్లె తీసుకోండి. 1936 ఏప్రిల్‌లో ఒడిశా ఏర్పడేదాకా గంజాం జిల్లా. తర్వాత విశాఖపట్నం జిల్లా. 1950 ఆగస్టు 15 నుంచి శ్రీకాకుళం జిల్లా. ఇల్లు కదల్లేదు, జిల్లా రెండుసార్లు మారింది. పాలకొండ వాళ్ళదైతే మరో లెక్క, వాళ్ళు 2022లో పార్వతీపురం మన్యంలోకి వెళ్ళారు. పర్లాకిమిడిలో ఉండిపోయిన మా చుట్టాలకైతే రాష్ట్రమే మారింది. అందుకని కాయితం మీద జిల్లా ఏముందో అదే ఎక్కించండి, ఇప్పటిది పక్కన రాయండి. పాత పేరు దిద్దకండి.

తేదీల సంగతీ అంతే. ఒక శిస్తు రశీదు మీద 1347 చూసి మా మనవడు "అమ్మమ్మా, రెడ్డిరాజుల నాటిదా?" అన్నాడు. అది ఫసలీ, అంటే శిస్తు లెక్కలకి వాడిన పాత సంవత్సరం. 590 కలిపితే 1937, జులైతో మొదలై మరుసటి ఏడు జూన్‌తో ముగుస్తుంది. కలిపిన లెక్క కూడా పుస్తకంలో ఉంటే, తర్వాతవాళ్ళు మనం ఎక్కడ తప్పామో పట్టుకుంటారు.

ఇక దాచడం. నేను చేసిన రెండో ఘనకార్యం లామినేషన్. ఒక పాత దస్తావేజు చిరుగుతోందని టెన్షన్ పడి జెరాక్స్ షాపులో చేయించాను. రెండు వానాకాలాలు గడిచేసరికి లోపల బుడగలు, ఒక మూల పసుపు తిరిగింది. విప్పుదామంటే కాయితం ప్లాస్టిక్‌తోనే ఊడొస్తుంది. సెల్లోటేపూ అంతే, జిగురు ఇంకిపోయి మరక మిగులుతుంది. గుండుసూదులు, స్టేపుల్ పిన్నులు మన సముద్రపు గాలికి తుప్పుపట్టి కాయితాన్ని తినేస్తాయి. రబ్బరు బ్యాండు కరిగి అతుక్కుంటుంది. ఇవన్నీ తీసేయండి, పిన్ను తీసే ముందు ఏవేవి కలిపి గుచ్చి ఉన్నాయో రాసుకోండి.

పెద్దమ్మ పంచె ముక్క నా ప్లాస్టిక్ కవర్ల కంటే మంచిది, నమ్మండి. గుడ్డకి గాలాడుతుంది, ప్లాస్టిక్‌లో చెమ్మ చిక్కుకుంటుంది. గుడ్డ బాగా ఉతికి ఆరినది కావాలి, గంజి పెట్టినది మాత్రం వద్దు. రామబాణం పురుగుకి గంజి అంటే ప్రాణం. కలరా ఉండలు కాయితాలకి తగిలేలా వేయకండి. పచ్చి వేపాకు తడి తెస్తుంది. మందులకంటే నెలకోసారి తీసి చూడటం మేలు. చెదలు ఆర్నెల్లు ముట్టుకోని పెట్టెనే వెతుక్కుంటాయి. ట్రంకు పెట్టెని నేల మీద కాకుండా, గోడకి ఆనకుండా, ఇటుకల మీద పెట్టండి. అటక వద్దు. ఎండాకాలం అక్కడి వేడి మీకు తెలిసిందే.

తిత్లీ తుఫానప్పుడు, 2018 అక్టోబరులో, మా బంధువుల ఇంట్లో పెట్టె తడిసింది. వాళ్ళు ఉత్తరాలు ఎండలో ఆరేశారు, అవి అప్పడాల్లా వంకర్లు తిరిగి పెళుసెక్కిపోయాయి. నీడలో తెల్లగుడ్డ పరిచి, ఒక్కొక్కటీ విడిగా, గాలి తగిలేలా ఆరబెట్టాలి. రెండు రోజులు దాటితే బూజు అందుకుంటుంది. అంత తీరిక లేకపోతే కవర్లో చుట్టి ఫ్రిజ్‌లో గడ్డకట్టే అరలో పెట్టి తర్వాత చూసుకోవచ్చంటారు. తుఫాను దెబ్బకి ఉద్దానం పల్లెల్లో అప్పుడు కరెంటే లేదు, ఇంక ఫ్రిజ్ మాట ఎందుకు! ఫొటోలు అతుక్కుపోతే లాగకండి.

ముందు దేన్ని కాపాడాలని అడుగుతారు. అందరూ దస్తావేజులే బీరువాలో పెడతారు, పొలం కదా. రిజిస్టరైన దస్తావేజుకి సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో నకలు తీసుకునే దారి ఉంది. మీ మామ్మ రాసిన కార్డుముక్కకి నకలు ఎక్కడుంది? నేనైతే కార్డుముక్క పట్టుకుని పరిగెడతాను.

ఫోనులో తీసినవి వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు తగ్గిపోయి అక్షరాలు మసకబారతాయి, డాక్యుమెంటుగా పంపండి. ఒక కాపీ వేరే ఊళ్ళో ఉన్న పిల్లల దగ్గర ఉంచండి. తుఫాను వస్తే మన ఊరంతటికీ ఒకేసారి వస్తుంది.

ఆ మూట ఇవాళ తెచ్చాను, ఆ బల్ల మీద ఉంది. నేను చెదరగొట్టినదే, గుర్తున్నంత మేర మళ్ళీ వరసలో పెట్టాను. గుర్తులేనివన్నీ అడుగున విడిగా కట్టి "వరస తెలియదు, తప్పు నాది" అని చీటీ పెట్టాను. కోట్లు వేసుకున్న ఆ ఇద్దరూ అందులోనే ఉన్నారు. నరసన్నపేట, జలుమూరు వైపు పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే ఒకసారి చూసి చెప్పండి. చేతులు కడుక్కుని, బాగా తుడుచుకుని రండి. ఫొటో అంచులు పట్టుకోండి. మంచినీళ్ళ సీసాలు మాత్రం కుర్చీల దగ్గరే వదిలేయండమ్మా.